2029 గెలుపులు, సున్నా కప్పులు: మైక్ మార్టిన్ అనే కాలేజీ కోచ్

నమస్తే అండి. ఈరోజు క్రికెట్ కాదు, బేస్‌బాల్. ఆగండాగండి, అప్పుడే వీడియో మార్చేయకండి, రూల్స్ ఒక్కటీ తెలియకపోయినా ఈ కథ అర్థమైపోతుంది. ఇది కప్పు రాని మనిషి కథ, ఆర్‌సీబీ పుణ్యమా అని ఆ బాధేంటో మనకి బాగానే తెలుసు కదా. వాళ్లకైనా 18వ సీజన్‌లో, 2025లో వచ్చేసింది. ఈయన 40 సీజన్లు చేశారు, రాలేదు.

పేరు మైక్ మార్టిన్. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ, టల్లహాసీ అనే ఊరు. 1980 నుంచి 2019 దాకా అదే టీమ్‌కి హెడ్ కోచ్. గెలిచినవి 2029 మ్యాచ్‌లు, ఓడినవి 736, టై అయినవి 4. అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయిని డివిజన్ 1 అంటారు, ఆ స్థాయి బేస్‌బాల్‌లో ఇన్ని గెలిచిన కోచ్ ఇంకెవరూ లేరు. ఏడాదికి సగటున 50 పైమాటే. 40 గెలుపులకి తగ్గిన సీజన్ ఒక్కటి కూడా లేదు, ఒక్కటంటే ఒక్కటి!

ఆయనకి ఆ కుర్చీ ఎలా దొరికిందో చూడండి. పుట్టింది నార్త్ కరోలినాలో, 1944లో. ఫ్లోరిడా స్టేట్ తరఫునే ఆడారు, తర్వాత కొన్నాళ్లు మైనర్ లీగ్‌లలో ఆడినా పై మెట్టు ఎక్కలేకపోయారు, 1975లో తన కాలేజీకే అసిస్టెంట్ కోచ్‌గా తిరిగొచ్చారు. 1979లో హెడ్ కోచ్ డిక్ హౌసర్. ఆయన సరిగ్గా ఒక్క సీజన్ చేసేసరికి ప్రొఫెషనల్ టీమ్ న్యూయార్క్ యాంకీస్ మేనేజర్‌గా పిలుపొచ్చింది, అలాంటి పిలుపొస్తే ఎవరు మాత్రం ఆగుతారు, వెళ్లిపోయారు. ఆ ఖాళీలోకి మార్టిన్ వచ్చారు. వచ్చిన తొలి ఏడాదే టీమ్‌ని ఒమాహా తీసుకెళ్లారు.

ఒమాహా అంటే నెబ్రాస్కాలో ఊరు. కాలేజీ వరల్డ్ సిరీస్ ఏటా అక్కడే జరుగుతుంది కాబట్టి వాళ్ల భాషలో "ఒమాహా వెళ్లాం" అంటే దేశంలో చివరి 8 జట్లలో నిలిచాం అని. మార్టిన్ 17 సార్లు వెళ్లారు. రెండుసార్లు ఫైనల్ ఆడారు. 1986లో అరిజోనా చేతిలో 10-2, అది చిత్తుగా ఓడిపోవడమే, దాని గురించి చెప్పడానికేం లేదు. 1999లో మాత్రం మయామీతో 6-5. ఒక్క పరుగు! పైగా మయామీ ఎవరనుకున్నారు, అదే రాష్ట్రంలోని బద్ధ ప్రత్యర్థి.

ఇక్కడే "పెద్ద మ్యాచ్ వస్తే చేతులెత్తేస్తాడు" అనే ముద్ర పడింది. దాని మీద నా లెక్క ఒకటుంది, కాస్త ఓపిగ్గా వినండి. ఎనిమిది జట్లూ సరిసమానం అనుకుందాం, ఎవరికైనా ఎనిమిదింట ఒక వంతు ఛాన్స్. అలా 17 సార్లు వెళ్లినవాడికి ఒక్కసారి కూడా కప్పు రాకపోయే అవకాశం ఎంత? దాదాపు 10 శాతం. అంటే ఇలా అదే స్థాయిలో ఆడే కోచ్‌లు పది మంది ఉంటే అందులో సగటున ఒకరు ఉత్త చేతులతో ఇంటికెళ్లాల్సిందే, ఏ తప్పూ చేయకపోయినా. బేస్‌బాల్ అలాంటి ఆట, ఈరోజు అదరగొట్టిన పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, రేపు వేయలేడు, చెయ్యి సహకరించదు. అలాగని మొత్తం దురదృష్టం మీదకి నెట్టేస్తే అదీ న్యాయం కాదు. మామూలు రోజుల్లో 73 శాతం గెలిచే మనిషి ఒమాహాలో మాత్రం అందరితో సమానం ఎందుకవ్వాలి అని అభిమాని అడిగితే, ఆ ప్రశ్నలో తప్పేముంది?

అసలు కాలేజీ కోచ్ కష్టం ఎక్కడుంటుందంటే, టీమ్ నిలవదు. స్కూల్ నుంచి వెతికి పట్టుకున్న మంచి కుర్రాణ్ణి కాలేజీలో అడుగు పెట్టకముందే ప్రొఫెషనల్ క్లబ్బులు డ్రాఫ్ట్‌లో, అంటే కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, ఎగరేసుకుపోవచ్చు. వచ్చినవాడు మూడో ఏడాది అయ్యాక ఎలాగూ పోతాడు. చాలా ఏళ్లు స్కాలర్‌షిప్‌లు కూడా టీమ్ మొత్తానికి కలిపి 11.7 మాత్రమే, ఆ పాయింట్ ఏడుని కూడా ముక్కలు చేసి పంచాలి. ఇంత గోలలో 40 ఏళ్లూ ప్రతిసారీ జాతీయ టోర్నమెంట్‌కి చేరడం, నన్నడిగితే కప్పుకంటే అదే కష్టం.

ఒక్క కుర్రాడి సంగతి చెప్తాను. బస్టర్ పోసీ. షార్ట్‌స్టాప్ ఆడటానికి వచ్చాడు, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే పొజిషన్. రెండో ఏడాది అతన్ని క్యాచర్‌గా, అంటే మన వికెట్‌కీపర్ లాంటి పొజిషన్‌కి, మార్చారు, ఆ ఆలోచన అసిస్టెంట్‌గా ఉన్న మార్టిన్ కొడుకుది. 2008లో సవానా స్టేట్‌తో మ్యాచ్‌లో ఆ కుర్రాణ్ణి మార్టిన్ తొమ్మిది పొజిషన్లలోనూ ఆడించారు, పిచింగ్‌తో సహా, అదే మ్యాచ్‌లో వాడు గ్రాండ్ స్లామ్ కూడా కొట్టాడు, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. తర్వాత పోసీ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే ప్రొఫెషనల్ బేస్‌బాల్ కప్పులు, గెలిచాడు. గురువుకి ఒక్కటి లేదు, శిష్యుడికి మూడు.

2018 మేలో మరో కాలేజీ కోచ్ అగీ గరీడో పేరిట ఉన్న 1975 గెలుపుల రికార్డుని మార్టిన్ దాటారు. గరీడోకి 5 టైటిళ్లు ఉన్నాయి. ఆయన అదే ఏడాది మార్చిలో చనిపోయారు, తన రికార్డు పోవడం చూడలేదు.

చివరి సీజన్ 2019. బేస్‌బాల్‌లో కోచ్‌లు కూడా ఆటగాళ్ల యూనిఫామే వేసుకుంటారు, మనకి వింతగా ఉంటుంది, 75 ఏళ్ల పెద్దాయన టోపీ, బెల్టు, వీపు మీద 11 నంబరుతో డగౌట్‌లో తిరుగుతుంటారు. ఆ నంబరు వల్లే ఆయన్ని అందరూ "ఎలెవన్" అని పిలిచేవారు. ఆ ఏడాది టోర్నమెంట్‌లో చోటే చివరి నిమిషంలో దొరికింది, అయినా జార్జియాలో, తర్వాత ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సొంత మైదానంలో గెలిచి ఒమాహా చేరారు. తొలి మ్యాచ్‌లో అర్కన్సాస్‌ని 1-0తో కొట్టారు. ఇక ఈసారి రాసిపెట్టి ఉంది అనుకున్నారు అందరూ. మిషిగన్ చేతిలో 2-0, టెక్సాస్ టెక్ చేతిలో 4-1, అయిపోయింది.

కొడుక్కి పగ్గాలిచ్చారు, మూడు సీజన్లకే యూనివర్సిటీ తీసేసింది. 2023లో ఇదే టీమ్ 23 గెలిచి 31 ఓడి, టోర్నమెంట్ గడప కూడా తొక్కలేదు. మార్టిన్ 2024 ఫిబ్రవరిలో చనిపోయారు. అదే జూన్‌లో ఆయన దగ్గర ఆడిన లింక్ జారెట్ కోచ్‌గా టీమ్‌ని మళ్లీ ఒమాహా చేర్చాడు, మొదటి మ్యాచ్‌లో టెనెసీ మీద ఆఖరి ఇన్నింగ్స్ దాకా ముందుండి 12-11తో ఓడిపోయారు. కప్పు ఎగరేసుకుపోయింది ఆ టెనెసీయే. ఇప్పుడు చెప్పండి, ఇది కూడా మార్టిన్ ఖాతాలోనే వేస్తారా?