మట్టే కదా అంటే ఏం చెప్పాలి?

(విశాఖపట్నంలో జరిగిన భూవిజ్ఞాన ప్రాంతీయ సదస్సులో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం తూర్పు తీరంలో సముద్రమట్టాల మార్పులు. స్లైడ్లు తెచ్చాను. కానీ ముందు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల గురించి మాట్లాడాలి.

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచు యుగంలో, సముద్రం ఇప్పటికన్నా 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున పోసింది. ఇసుకలోని ఇనుముండే ఖనిజాలు శిథిలమై రేణువులకు ఎర్రపూత పట్టింది. తర్వాత వాననీళ్లు కోసుకుంటూ పోయి ఆ లోతైన గెడ్డలు ఏర్పడ్డాయి. ఈసారి వెళ్తే చిటికెడు మట్టి అరచేతిలో వేసుకుని లెన్స్‌తో చూడండి. పూత ఊడిన చోట ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం తళుక్కుమంటుంది. వేలితో రుద్దితే ఎరుపు చేతికి అంటుతుంది.

ఆమధ్య విద్యార్థులతో వెళ్తే దిబ్బల అంచున జేసీబీ తవ్వుతోంది, పక్కన టిప్పర్ నిండుతోంది. ఆపమన్నాను. డ్రైవర్ కుర్రాడు మర్యాదగానే అడిగాడు: "మట్టే కదా సార్, ఎందుకు గొడవ?" ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి చెప్పిందెవరు? మనం చెప్పామా? మన పేపర్లు మనమే చదువుకుంటున్నాం! అక్కడి నుంచి ఒక ఆఫీసుకు వెళ్తే సర్వే నంబరు అడిగారు. హద్దురాయి కూడా లేని చోట ఏ నంబరు చెప్పను? మా పరిధి కాదని ఇంకో ఆఫీసుకు పంపారు. ఈలోగా టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి.

జియలాజికల్ సర్వే ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. తిరుమల ఘాట్‌లోని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీకీ, అంటే వయసులో ఎంతో తేడా ఉన్న రెండు రాతిపొరలు కలిసే సరిహద్దుకీ, ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు ఒక్కటే చాలదు. ఇలాంటి స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. మనకు కావాల్సింది చట్టం, హద్దురాళ్లు, కాపలా.

మైనింగ్ మిత్రులారా, భూగర్భజలాల వాళ్లారా, ఇది మీ పని కాదనుకోకండి. తవ్విన దిబ్బను మళ్లీ పేర్చలేం. పొరల వరుస పోతే సముద్రం ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పెరిగిందో చెప్పే సాక్ష్యమే పోతుంది. అప్పుడు నా స్లైడ్లతో ఏం పని?

టైమైందని చీటీ వచ్చింది. కలెక్టర్ గారికి ఇవ్వాల్సిన అర్జీ బయట టేబుల్ మీద ఉంది. భోజనానికి వెళ్లేముందు సంతకం పెట్టండి, హోదా కూడా రాయండి.