తేదీ మారితే కారణం కూడా చెప్పాలి

(గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో రైతులు, ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

అంతరిక్ష రంగంలో అవకాశాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ అవకాశాల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. వాయిదాల గురించి చెప్పేవారు లేరు. ఒక వాణిజ్య ఉపగ్రహ ప్రయోగం పదే పదే వెనక్కి పోతే, దాని దెబ్బ ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీకే కాదు, మన పల్నాడులో మిర్చి వేసిన రైతుకు కూడా తగులుతుంది. అది ఎలాగో చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

విజయవాడలో మాది చిన్న సంస్థ. ఉపగ్రహ చిత్రాలను చూసి, ఏ పొలంలో పైరు బాగుంది, ఎక్కడ నీరసించింది అన్న సంగతి రైతు సంఘాలకు చెబుతుంటాం. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. అవి దాదాపు అయిదు రోజులకు ఒకసారి మన పొలాల మీదుగా వెళతాయి, నేల మీద పది మీటర్ల తేడాను పట్టగలవు. చాలా పనులకు అవి చాలు. మిర్చికి మాత్రం చాలడం లేదు. 2021-22లో నల్ల తామర పురుగు ఏం చేసిందో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. పూతలో దాక్కునే ఆ పురుగు సంగతి పైరు మాడిన తరువాతే ఆ చిత్రాల్లో బయటపడింది. మొక్క ఒత్తిడికి లోనైనప్పుడు మన కంటికి రంగు మారకముందే కాంతిలోని కొన్ని సన్నని పట్టీలలో తేడా వచ్చే అవకాశం ఉంది. వందకు పైగా పట్టీలను విడదీసి చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఉంటే ఆ తేడాను వెతకవచ్చు. అందుకే అలాంటి కెమెరా ఉన్న ఒక విదేశీ చిన్న ఉపగ్రహం చిత్రాల కోసం ఒప్పందం చేసుకున్నాం, బయానా కట్టాం.

ఆ ఉపగ్రహం వేసవిలో ఎగరాలి. వేసవి సెప్టెంబరు అయింది. సెప్టెంబరు కాస్తా "ఏడాది చివరి త్రైమాసికం" అయింది. తరువాత మళ్లీ కొత్త ఏడాదిలో ఒక నెల పేరు వచ్చింది. ప్రతిసారీ రెండు వాక్యాల ఉత్తరం. అందులో మొదటిది కొత్త తేదీ, రెండోది మా సహనానికి ధన్యవాదాలు. కారణం ఎక్కడా లేదు.

ఇక్కడ రైతులున్నారు కాబట్టి లెక్క తేలికగానే అర్థమవుతుంది. మిర్చి నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. నాటు ఆగస్టు, సెప్టెంబరుల్లో. పూత అక్టోబరు, నవంబరుల్లో. సంక్రాంతి తరువాత కోతలు జోరందుకుంటాయి, ఫిబ్రవరి నుంచి యార్డు నిండిపోతుంది. ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లిన మర్నాడే పనికిరాదు. కెమెరాను సరిచూసుకోవడానికి, చిత్రాలను నేల మీది కొలతలతో పోల్చుకోవడానికి నెలలు పడుతుంది. అంటే వేసవిలో ఎగిరితేనే పూత సమయానికి అది మనకు అక్కరకు వస్తుంది. సెప్టెంబరులో ఎగిరిందా, ఆ పంట చేజారినట్టే. వాళ్ల పట్టికలో కొన్ని నెలల జాప్యం మన పొలంలో ఏడాది జాప్యం.

ఇంత చెప్పినా, నా కోపం జాప్యం మీద కాదు. విద్యార్థులు ఈ మాటను ప్రత్యేకంగా వినాలి. రాకెట్టును ఆపడం ఇంజనీరు చేయగల గొప్ప పనుల్లో ఒకటి.

2016 ఫిబ్రవరిలో ఎస్ఈఎస్-9 అనే వాణిజ్య ఉపగ్రహానికి జరిగింది చూడండి. మన దక్షిణాసియాకు కూడా టీవీ ప్రసారాలు అందించడానికి తయారైన ఉపగ్రహం అది. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్-9 రాకెట్టు మీద ఫిబ్రవరి 24న ఎగరాలి. ఆ రాకెట్టులో ద్రవ ఆక్సిజన్‌ను మామూలు కంటే ఎక్కువగా, సుమారు మైనస్ 207 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. చల్లబడేకొద్దీ చిక్కనవుతుంది, అదే ట్యాంకులో ఎక్కువ పడుతుంది. ఆ రోజు అది కావలసినంత చల్లగా లేదని ఆపారు. మర్నాడు రెండు నిమిషాల లోపు సమయం మిగిలి ఉండగా ఆపారు. 28న అంతా సిద్ధమయ్యాక ఒక పడవ నిషేధిత జలాల్లోకి వచ్చింది. అది బయటికి పోయేదాకా ఆగారు. ఆ కాస్త సమయంలో ట్యాంకులో ఆక్సిజన్ వెచ్చబడింది. ఇంజన్లు అంటుకున్నాక, బలం తక్కువగా ఉందని గ్రహించి కంప్యూటరే వాటిని ఆర్పేసింది. చివరికి మార్చి 4న ఎగిరింది. ఈ సంగతులన్నీ మనకు ఎలా తెలుసు? చెప్పారు కాబట్టి తెలుసు. 28న ఏం జరిగిందో ఆ కంపెనీ అధిపతే అదే రోజు ప్రకటించారు. ఆ వాయిదాలు చూసి కోపం వచ్చినవారు ఉండవచ్చు, మోసపోయామని అనుకున్నవారు మాత్రం ఉండరు.

మన శ్రీహరికోటకు వద్దాం. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్టు ఎగరడానికి గంటా పద్నాలుగు నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని గుర్తించారు. ఆపారు. రాకెట్టును వేదిక మీద నుంచి వెనక్కి తీసుకుపోయారు, ఆ దశకు వేరే మిశ్రమ లోహంతో చేసిన కొత్త ట్యాంకు అమర్చారు. 2014 జనవరి 5న అదే రాకెట్టు, మన సొంత క్రయోజనిక్ (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే) ఇంజనుతో జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2010లో వరుసగా రెండు వైఫల్యాలు చూసిన రాకెట్టు రకం అది. ఆ నాలుగున్నర నెలలు ఆగకపోయి ఉంటే మన క్రయోజనిక్ కల ఎటు పోయేదో ఊహించడానికి కూడా మనసు రాదు. ఏం కారింది, ఎక్కడ కారింది, ఏం మార్చారు అన్నది ఇస్రో చెప్పింది. 2018లో కక్ష్యలో ఉన్న జీశాట్-6ఏ ఉపగ్రహంతో సంబంధాలు తెగిపోయిన తరువాత, ప్రయోగం కోసం దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకు చేరిన జీశాట్-11ను మళ్లీ పరీక్షించడానికి వెనక్కి రప్పించారు. 5,854 కిలోల ఉపగ్రహాన్ని సముద్రాలు దాటించి వెనక్కి తేవడం చిన్న విషయం కాదు. డిసెంబరు 5న అది క్షేమంగా పైకి వెళ్లింది.

వాయిదాలంటే నాకు వెంటనే గుర్తుకొచ్చేది మన ఇన్సాట్-1డి ఉపగ్రహం. దాని కష్టాలు మరే ఉపగ్రహమూ పడలేదేమో. 1989లో అమెరికాలో ప్రయోగానికి కొద్ది రోజుల ముందు క్రేను కొక్కెం తెగి దాని మీద పడింది, యాంటెన్నా దెబ్బతింది. బాగుచేయడానికి కాలిఫోర్నియాకు పంపారు. ఆ అక్టోబరులో అక్కడ పెద్ద భూకంపం వచ్చి మళ్లీ దెబ్బతింది. చివరికి 1990 జూన్‌లో ఎగిరింది. అంతకు ముందు పంపిన ఇన్సాట్-1ఏ కొన్ని నెలలకే పోయింది, 1సి సగం పనిచేసి ఆగిపోయింది. ఇన్ని దెబ్బలు తిన్న 1డి మాత్రం దాదాపు పన్నెండేళ్లు పనిచేసింది.

ఈ ఇన్సాట్‌లు మన తీరానికి ఏం చేశాయో ఇక్కడి పెద్దవారికి తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పైనుంచి ఎడతెగకుండా కనిపెట్టి చూసే మన ఉపగ్రహం లేదు. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేలు. 1990 మేలో అంత తీవ్రమైన తుపానే కృష్ణా తీరాన్ని తాకింది. అప్పటికి ఇన్సాట్-1బి ఉంది, హెచ్చరికలు ముందే అందాయి, జనాన్ని పెద్ద ఎత్తున తరలించారు. మృతులు వెయ్యి లోపు. తుపాను ఆశ్రయాలూ, అధికారుల శ్రమా అందులో ఉన్నాయి, ఉపగ్రహం ఒక్కటే కాదు. కానీ అది లేని రోజునూ, ఉన్న రోజునూ రెండింటినీ చూసిన నేల మనది.

ఆ ఇన్సాట్-1బిని 1983 ఆగస్టులో కక్ష్యలోకి మోసుకెళ్లింది చాలెంజర్ అనే అమెరికా స్పేస్ షటిల్, అంటే మనుషులను కూడా మోసుకెళ్లి తిరిగివచ్చే వాహనం. అదే చాలెంజర్ 1986 జనవరిలో మరో ప్రయోగానికి సిద్ధమై, రోజుల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. ఒకసారి వాతావరణం, ఒకసారి తలుపు పిడి ఊడిరాకపోవడం. పత్రికలు ఎద్దేవా చేశాయి. 27 రాత్రి గడ్డకట్టే చలి వస్తుందని తెలిసి, ఆ చలికి బూస్టర్ (పక్కన ఉండి పైకి నెట్టే రాకెట్టు) అతుకుల్లోని రబ్బరు వలయాలు పనిచేయవని వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు వాదించారు. వారి మాట చెల్లలేదు. 28న ఎగిరిన 73 సెకన్లకు అది ముక్కలైంది, ఏడుగురి ప్రాణాలు పోయాయి. ఆ తరువాత షటిల్ మీద వాణిజ్య ఉపగ్రహాలను పంపడమే మానేశారు. మన ఇన్సాట్-1సి కూడా షటిల్ మీద వెళ్లవలసిందే, అది 1988లో ఐరోపా వారి ఏరియన్ రాకెట్టు మీద వెళ్లింది. వాయిదాల మీద విసుగుకు లొంగితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నా దగ్గర లేదు. అందుకే "త్వరగా ఎగరేయండి" అని నేను ఎవరినీ ఎన్నడూ అడగను.

మరి నేను అడిగేదేమిటి?

మా ఉపగ్రహం లాంటివి సొంత రాకెట్టు మీద వెళ్లవు. పెద్ద ఉపగ్రహం పక్కన చోటు కొనుక్కుని వెళతాయి. గుంటూరు నుంచి విజయవాడకు షేర్ ఆటో ఎక్కినట్టే. అందరూ వచ్చేదాకా ఆటో కదలదు. అయితే ఆటోలో కూర్చున్నవాడికి ఎవరి కోసం ఆగారో కంటికి కనబడుతుంది, దిగి వేరే బండి ఎక్కే వీలుంటుంది. మాకు ఆ రెండూ లేవు. రాకెట్టు తయారు కాలేదా, పక్క ఉపగ్రహం రాలేదా, అనుమతి రాలేదా, అంతకు ముందు ఎగిరిన రాకెట్టు విఫలమై మొత్తం ఆపేశారా? వీటిలో ఒక్కోదానికీ మేము చేయవలసిన ఏర్పాటు ఒక్కోటి. వాతావరణమైతే రోజులు ఆగితే చాలు. రాకెట్టే పునాది నుంచి పరీక్షించవలసి వస్తే ఆ ఏటి పంటను వదులుకుని, పాత చిత్రాలతోనే పని నడపడానికి సిద్ధం కావాలి. కారణం దాచినవారు మా చేతిలోంచి ఆ నిర్ణయాన్ని లాక్కున్నారు.

ఇంకొకటి. ప్రకటించిన ఆ తేదీని వాళ్లే నమ్మలేదు. ఈ రంగంలో "ఫలానా తేదీ కంటే ముందు ఉండదు" అని రాస్తారు. అంటే ఆ తేదీన ఉంటుందని కాదు, అన్నీ కుదిరితే ఆనాటి నుంచి చూద్దామని. పెట్టుబడిదారులకు చూపడానికి అదే తేదీ. కక్ష్య, రేడియో తరంగాల హక్కులు కాపాడుకోవడానికి అదే తేదీ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల ప్రకారం, దరఖాస్తు చేసిన ఏడేళ్లలో ఆ తరంగాలను వాడుకలోకి తేకపోతే హక్కు పోతుంది. ఇన్ని ఒత్తిళ్ల నడుమ తేదీ అందంగానే ఉండాలి కదా! ఆ అందమైన తేదీని నమ్మి మేము సంఘాలతో మాట్లాడతాం, పిల్లలను ఉద్యోగాల్లోకి తీసుకుంటాం, పొలాల్లో కొలతలకు మనుషులను పెడతాం. తేదీ జరిగినప్పుడల్లా వాళ్ల జీతాలు మా జేబులోంచే.

మన దేశంలో కూడా ఈ అలవాటు మారాలి. 2019 జూలై 15 అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2ను 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. ఆపడం నూటికి నూరుపాళ్లు సరైన పని, వారం తిరగ్గానే ఎగరేయడం అంతకంటే గొప్ప పని. కానీ ఆ రాత్రి జనానికి చెప్పింది "సాంకేతిక లోపం" అన్న రెండు మాటలే. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 అనే ఇస్రో రాకెట్టు మూడో దశలో విఫలమైంది. విదేశీ చిన్న ఉపగ్రహాలకు ఏళ్ల తరబడి నమ్మకమైన వాహనం పీఎస్‌ఎల్‌వీ, 2017లో ఒక్కసారే 104 ఉపగ్రహాలను మోసిన వాహనం. నెలలు గడిచినా వైఫల్య నివేదిక జనం ముందుకు రాలేదు. మరోవైపు అదే ఏడాది డిసెంబరు 24న ఇస్రో రాకెట్టు ఎల్‌వీఎం3 ఒక అమెరికన్ కంపెనీకి చెందిన 6,100 కిలోల వాణిజ్య ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ముందు, అంతరిక్షంలో వేరే వస్తువులు దగ్గరగా వస్తున్నాయని తొంభై సెకన్లు ఆపారు, ఎందుకో అప్పుడే చెప్పారు. తొంభై సెకన్లకు చెప్పగలిగినవాళ్లం తొమ్మిది నెలలకు కూడా చెప్పగలం.

నా కోరిక ఒక్కటే. మన దేశంలో ప్రైవేటు ప్రయోగాలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ సంస్థ ఒక బహిరంగ పట్టిక నిర్వహించాలి. ప్రతి వాణిజ్య ప్రయోగానికి మొదట ప్రకటించిన తేదీ, మారిన తేదీ, మారిన కారణం అందులో ఉండాలి. వ్యాపార రహస్యాలు అక్కరలేదు, రాకెట్టు వల్లనా, ఉపగ్రహం వల్లనా, వాతావరణం వల్లనా, అనుమతుల వల్లనా అన్నది చాలు. పాత తేదీలను చెరిపేయకూడదు. విదేశీ రాకెట్టు మీద మన చేతికి అధికారం లేదు, నిజమే. అక్కడ ఒప్పందమే ఆయుధం. మా కొత్త ఒప్పందంలో రెండు షరతులు రాశాం. తేదీ మారితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. పంట కాలం దాటిపోయేంతగా జాప్యమైతే బయానా తిరిగి ఇచ్చేయాలి. రెండోదానికి అవతలివారు ఇంకా ఒప్పుకోలేదు, మేము తగ్గలేదు.

ఇన్‌స్పేస్‌కు పంపదలచిన వినతిపత్రం బయట బల్ల మీద ఉంది, తెలుగులోనే రాశాం. చదవండి. ఒప్పుదలైతేనే సంతకం పెట్టండి. మార్చవలసిన మాట ఏదైనా కనబడితే పక్కనే రాయండి, ముఖ్యంగా పంట కాలం లెక్కల్లో. అవి నాకంటే మీకే బాగా తెలుసు.