పాత కన్సోల్ మళ్లీ వెలగాలి

అందరికీ నమస్కారం.

పాత వీడియో గేమ్ యంత్రాలు, అంటే కన్సోళ్లు, వాటిలో గుచ్చే ఆట డబ్బాలు, అంటే కార్ట్రిడ్జ్‌లు సేకరించేవారిలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. అట్టపెట్టె నలగకుండా, లేబుల్ చెదరకుండా అద్దాల అరలో పెట్టి చూసుకునేవారు కొందరు. ఎన్నో చేతులు మారి వచ్చిన యంత్రాన్ని విప్పి, తుడిచి, బాగుచేసి, దాని మీద ఆడుకునేవారు మరికొందరు. నేను రెండో పక్షం మనిషిని. ఈ వస్తువులు వాడేవాళ్ల దగ్గరే ఎక్కువ కాలం బతుకుతాయని నా నమ్మకం. అందుకు కారణాలు వాటి లోపలే ఉన్నాయి.

అసలు ఆటలు చేతులు మారడం ఎలా మొదలైందో చూడండి. 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీకి కార్డులు ఉండేవి గానీ వాటిలో ఆట ఉండేది కాదు. యంత్రం లోపలి సర్క్యూట్ల కలయికను అవి మార్చేవి, అంతే. 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఛానల్ ఎఫ్ అనే కన్సోల్ తెచ్చింది. ఆటను చిప్‌లో రాసి, ఆ చిప్‌ను ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, కావలసినప్పుడు యంత్రంలో గుచ్చే పద్ధతి దానితోనే ఇళ్లలోకి వచ్చింది. ఆ బృందాన్ని నడిపించింది జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజినీరు. మరుసటి ఏడాది వచ్చిన అటారీ 2600 గురించి తెలిసినంతగా లాసన్ గురించి జనానికి తెలియదు. మన దగ్గరున్న ప్రతి కార్ట్రిడ్జ్ ఆయనకు రుణపడి ఉంది. ఆట యంత్రం నుంచి విడిపోయింది కాబట్టే ఒకరు ఆడి ముగించినదాన్ని ఇంకొకరికి ఇవ్వగలిగారు. పాత ఆటల బజారు పుట్టింది అక్కడే.

కార్ట్రిడ్జ్ గట్టి వస్తువు. ఫ్యాక్టరీలో చిప్ తయారవుతున్నప్పుడే అందులోకి చేరిన ఆట దశాబ్దాలు గడిచినా అంత తేలిగ్గా చెరగదు. ముందుగా చెడేవి దాని చుట్టూ ఉన్న భాగాలు. మొదట అంచున ఉండే లోహపు పట్టీలు. ఆట రాకపోతే కార్ట్రిడ్జ్ తీసి నోటితో ఊదడం ప్రపంచమంతా చేసిన పనే. ఊపిరిలోని తేమ ఆ పట్టీలకు తుప్పు పట్టిస్తుంది. నిజానికి మేలు చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ గుచ్చడం. 1985లో అమెరికాలో అడుగుపెట్టిన నింటెండో కంపెనీ కన్సోల్ ఎన్‌ఈఎస్‌లో కార్ట్రిడ్జ్‌ను ముందునుంచి తోసి, కిందికి నొక్కాలి. అలా నొక్కీ నొక్కీ లోపలి 72 పిన్నుల పట్టు సడలుతుంది. నకిలీలను అడ్డుకోవడానికి పెట్టిన ఒక చిప్ అందులో ఉంది. కార్ట్రిడ్జ్‌లో ఉన్న జోడీ చిప్‌తో దానికి మాట కుదరకపోతే కన్సోల్‌ను పదేపదే రీసెట్ చేస్తుంది. ఎర్ర దీపం వెలిగి ఆరుతూ ఉండడానికి కారణం అదే. అలాంటి యంత్రం దొరికితే చెడిపోయిందని పారేయకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో కార్ట్రిడ్జ్ పట్టీలు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. గరుకు కాగితం, లోహాలకు మెరుగుపెట్టే పాలిష్ మాత్రం వద్దు. పట్టీల మీది పల్చటి బంగారు పూత పోతే తిరిగి రాదు.

తర్వాతది బ్యాటరీ. నాకు మనసుకు దగ్గరగా ఉన్న విషయం ఇది. ఆటలో ఎంతవరకు వచ్చామో గుర్తుంచుకునే కార్ట్రిడ్జ్‌లు చాలావాటిలో నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా కార్ట్రిడ్జ్ అలాంటిదే. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో గడియారాన్ని కూడా ఆ బ్యాటరీయే నడపాలి, అందుకే అవి ఇంకా ముందే ఖాళీ అవుతాయి. సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్ పెట్టగానే ఒక్కోసారి తెర మీద ఎవరో పిల్లవాడి పేరు కనిపిస్తుంది. అతను పెంచుకున్న జట్టు, దాచుకున్న వస్తువులు, ఆగిపోయిన చోటు అన్నీ అలాగే ఉంటాయి. బ్యాటరీ తీసిన వెంటనే అదంతా పోతుంది. కార్ట్రిడ్జ్‌ను చదివి కంప్యూటర్‌లోకి కాపీ చేసే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. దయచేసి ముందు ఆ కాపీ తీసుకోండి, తర్వాతే బ్యాటరీ మార్చండి. ముందే లోహపు రెక్కలు అతికించి ఉన్న బ్యాటరీ కొనండి. మామూలు బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ వేడి పెడితే అది పగిలే ప్రమాదం ఉంది.

అద్దాల అరను నేను నమ్మకపోవడానికి అసలు కారణం కెపాసిటర్లు, అంటే బోర్డు మీద విద్యుత్తును కాసేపు నిల్వచేసే చిన్న భాగాలు. 1990లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే సెగా గేమ్ గేర్‌లో వాడిన చిన్న కెపాసిటర్లలోని ద్రవం కాలక్రమంలో కారిపోతుంది. మొదట శబ్దం సన్నబడుతుంది, తెర మసకబారుతుంది, ఆ తర్వాత ఆ ద్రవం బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారానికి పెట్టిన ఒక కెపాసిటర్ కూడా అంతే. చివరి రకం బోర్డు ఉన్నవి తప్ప మిగతా వాటిలో దాన్ని తీసేయడమే మంచిది. ఈ నష్టం యంత్రం ఊరికే పడి ఉన్నా జరిగిపోతుంది. ఆడేవాడికి శబ్దం తగ్గిన రోజే అనుమానం వస్తుంది. అరలో పెట్టినవాడికి ఏళ్ల తర్వాత, బోర్డు పాడయ్యాకే తెలుస్తుంది.

కొనేటప్పుడు పవర్ అడాప్టర్ సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ప్లగ్గు సరిపోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. సెగా మెగా డ్రైవ్ మొదటి రకానికి ప్లగ్గు మధ్యలో నెగటివ్ ఉండాలి, రెండో రకానికి పాజిటివ్ ఉండాలి. ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఏసీ కరెంటు ఇస్తుంది, దాని జపాన్ రూపమైన ఫామికామ్‌కు కావలసింది డీసీ. ఇక నకిలీల బెడద గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లలో చాలా ఎక్కువ. లేబుల్ రంగుల కంటే లోపలి బోర్డు నిజం చెబుతుంది, కాబట్టి విప్పిన బోర్డు ఫొటో పంపమని అమ్మేవారిని అడగడం తప్పు కాదు. పరీక్షించలేదు అని రాసి ఉన్నదానికి పనిచేయని వస్తువు ధర కంటే ఎక్కువ ఇవ్వకండి.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పెట్టి, అతినీలలోహిత కాంతిలో ఉంచి తెల్లబరిచే పద్ధతి ఉంది. ఆ రంగు మళ్లీ పసుపెక్కవచ్చు. నేనైతే అలాగే వదిలేస్తాను.

బొమ్మ గొట్టం ఉన్న పాత టీవీ దొరికితే మాత్రం వదలకండి. బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆటలో తుపాకీ మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సార్ ఆ వెలుగును పట్టుకుంటుంది. ఆ లెక్కంతా పాత టీవీ బొమ్మ గీసే తీరు మీద ఆధారపడింది, కొత్త పలక టీవీల మీద ఆ తుపాకీ పనిచేయదు. టీవీ వెనక మూత మాత్రం అనుభవం లేనివాళ్లు తెరవకూడదు, స్విచ్ తీసేసినా లోపల ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

2021 జులైలో సీలు తీయని సూపర్ మారియో 64 కాపీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. కోటికి పైగా అమ్ముడైన ఆట అది. ఆ సీలు ఇక ఎవరూ విప్పరు, ఆ ఆటను ఎవరూ ఆడరు. నాకది బాధ కలిగించే వార్త. ఎందుకో చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొత్తగా కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆగిపోయాయి. డిజిటల్‌గా మాత్రమే వచ్చిన ఆటను కొన్నవారు ఇంకొకరికి అమ్మలేరు, ఇవ్వలేరు. కార్ట్రిడ్జ్ ఉన్నవారు ఇవ్వగలరు. అందుకే మీ దగ్గర ఒకే ఆటవి రెండు కాపీలు ఉంటే ఒకటి కొత్తగా మొదలుపెట్టేవారికి ఇవ్వండి. ఆటతోపాటు తుడవడం, విప్పడం కూడా నేర్పండి.

నా మాటలు ఇక్కడికి ఆపి, ఈ బల్ల మీదున్న కార్ట్రిడ్జ్ ఒకటి విప్పి చూపిస్తాను. మామూలు స్క్రూడ్రైవర్ దీనికి పట్టదు. ఇలాంటి కార్ట్రిడ్జ్‌లకు 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్, కొన్ని కన్సోళ్లకు 4.5 మిల్లీమీటర్లది కావాలి. వెనక వరుసల్లో ఉన్నవారు దగ్గరకు రండి.