ఎపిసోడ్ 41: పిప్ ఇన్‌స్టాల్, పేర్ల పంచాయితీ

అక్క: నమస్తే. పోయినసారి చెప్పాం కదా, ఇవాళ పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ల ప్యాకేజీ కష్టాలు.

తమ్ముడు: ప్యాకేజీలంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, వాటిని తెచ్చిపెట్టేది పిప్. ఉబుంటు లైనక్స్‌లో పిప్ ఇన్‌స్టాల్ అనగానే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అంటుంది. 2023లో ఉబుంటు, డెబియన్ రెండూ మొదలుపెట్టాయి. సిస్టమ్ వాడుకునే పైథాన్ జోలికి పోవద్దని దానర్థం. వెన్వ్ ఒకటి, అంటే మీ ప్రాజెక్టుకి విడిగా ఓ పైథాన్ గది, పెట్టుకుని, యాక్టివేట్ చేసి, అందులో ఇన్‌స్టాల్ చేసుకోండి. అయిపోయింది.

అక్క: ఆ అడ్డు దాటేయడానికి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' ఆప్షన్ ఉందిగా?

తమ్ముడు: బ్రేక్ అని పేరులోనే ఉంటే ఎవరైనా కొడతారా?

అక్క: నువ్వు కొట్టావు.

తమ్ముడు: కొట్టాన్లే. నా గోల అది కాదు, పేర్లు! ఫోటోలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీని కోడ్‌లోకి తెచ్చుకునే లైను ఇంపోర్ట్ సీవీ2. పిప్‌ని సీవీ2 అడిగితే దొరకదు. ఓపెన్‌సీవీ హైఫన్ పైథాన్ అనాలట. పీఐఎల్ అనే బొమ్మల లైబ్రరీ కావాలంటే పిల్లో. సెట్టింగుల ఫైళ్లు చదివే యామ్ల్ కావాలంటే పైయామ్ల్.

అక్క: నీకు మాత్రం? రేషన్ కార్డులో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్లో ఒకటి, అమ్మ పిలిచేది...

తమ్ముడు: అది చెప్పకు.

అక్క: పిల్లోకి కారణం ఉందిరా. పాత పీఐఎల్ పని మందగిస్తే, అందులోంచి 2010లో వేరు కాపురం పెట్టారు. పాత కోడ్ చెడకూడదని ఇంపోర్ట్ పేరు పీఐఎల్ అనే ఉంచారు.

తమ్ముడు: మొదటిరోజు నేర్చుకునేవాడికి ఇదంతా ఎవరు చెప్తారు? ఆ సీవీ2తో రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. నాకు కోడింగ్ రాదేమోననిపించింది. రెండు నెలలు మళ్లీ ముట్టుకోలేదు.

అక్క: నాకెప్పుడూ చెప్పలేదే.

తమ్ముడు: ఏమని చెప్పను, పేరు తప్పు కొట్టాననా?

(కాసేపు నిశ్శబ్దం)

అక్క: దగ్గరి పేర్లతో దొంగ ప్యాకేజీలూ పెడుతుంటారు. ఊహించి కొట్టొద్దు. ఆ లైబ్రరీ సొంత పేజీలో ఇన్‌స్టాల్ లైన్ ఉంటుంది, అది కాపీ చేసుకోండి.

తమ్ముడు: విండోస్ మిగిలింది.

అక్క: పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్ దగ్గర టిక్ పెట్టండి, పైథాన్ ఎక్కడుందో విండోస్‌కి తెలుస్తుంది. ఇన్‌స్టాల్ అయిందంటూనే ఇంపోర్ట్‌లో లేదంటే, చాలాసార్లు మెషీన్‌లో రెండు పైథాన్‌లు ఉన్నట్టే. ప్రోగ్రామ్ దేంతో నడుపుతారో దాంతోనే 'పైథాన్ మైనస్ ఎమ్ పిప్' కొట్టండి.

తమ్ముడు: మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్ హైఫన్ లెర్న్ మర్చిపోయా! ఇంపోర్ట్‌లో ఎస్‌కేలెర్న్.

అక్క: మళ్లీనా? ఇంపోర్ట్‌లో హైఫన్ పెడితే పైథాన్ దాన్ని మైనస్ అనుకుంటుందిరా.

తమ్ముడు: అనుకోనీ. అయితే పిప్ పేరులో మాత్రం హైఫన్ ఎందుకు పెట్టాలి?

అక్క: బల్ల మీద కొట్టకు, మైక్ ఉంది.