కంటి పరీక్షలో రంగు సూది ఒంటికి పడకపోతే

శ్రోతలకు నమస్కారం.

షుగర్ ఉన్నవాళ్లు కంటి ఆస్పత్రికి పోతే, "కంటి నరాల ఫొటో తియ్యాలె, చేతికి రంగు సూది వేస్తం" అని ఒక్కోసారి చెప్తారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ చేరినవాళ్లకు ఆ మాటతోనే సగం ప్రాణం పోతుంది. ఈ పరీక్షను యాంజియోగ్రామ్ అంటారు; ఆ పేరు వినగానే గుండెకనుకొని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ఇది కంటిదే.

ఫ్లోరిసిన్ అనే రంగు మందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. మామూలుగా 500 మిల్లీగ్రాములు. పది పదిహేను సెకన్లలో అది కంటి వెనక పొరకు చేరి, నీలి వెలుతురు పడగానే పచ్చగా మెరుస్తుంది. ఏ నరం, అంటే ఏ రక్తనాళం, కారుతోందో, ఏది మూసుకుపోయిందో ఫొటోలో దొరికిపోతుంది. నల్లగొండ వాళ్లకు ఆ పేరు వింటే ఫ్లోరైడ్ గుర్తొస్తుందేమో. ఇందులో ఫ్లోరిన్ లేనే లేదు.

సూది తర్వాత ఒళ్లు కొన్ని గంటలు పచ్చబడుతుంది, మూత్రం ఒకరోజు దాకా ముదురు పసుపుగా వస్తుంది. కామెర్లు కావు. కొందరికి కడుపులో తిప్పి డోకు వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. అది కూడా ఎలర్జీ కాదు.

ఎలర్జీ తీరు వేరు. ఒళ్లంతా దురద, దద్దుర్లు, పెదవులూ నాలుకా వాయడం, గొంతు పట్టేసినట్టు ఉండటం, పిల్లికూతలు, కళ్లు తిరగడం. ఇవి చాలాసార్లు నిమిషాల్లోనే మొదలవుతాయి. 1986లో అమెరికాలో వెలువడిన పెద్ద సర్వేలో, సుమారు 1,900 పరీక్షలకు ఒకరికి తీవ్రమైన రియాక్షన్ వచ్చింది. రెండు లక్షలకు పైగా పరీక్షల్లో ఒకరు చనిపోయారు. అరుదే. కానీ ఆ ఒక్కరికి వచ్చినప్పుడు ఆలస్యం పనికిరాదు. తొడ కండలో అడ్రినలిన్ సూది వెంటనే పడాలి; ఎలర్జీ గోలీ దాని బదులు పనిచెయ్యదు. అందుకే ఆ మందు, ఆక్సిజన్, చూసుకునే మనిషి ఉన్నచోటే ఈ పరీక్ష చేయించుకోవాలి. "అడ్రినలిన్ ఉందా?" అని అడగడం మర్యాద తప్పడం కాదు.

మనవాళ్లలో ఒక అలవాటుంది. డాక్టరు ముందు కూర్చుంటే ఎంత ఇబ్బందైనా ఓర్చుకుంటారు, "ఫొటో పాడైతదేమో" అని కదలరు. ఫొటో పాడైతే ఇంకోటి తీస్తారు. గొంతు బిగిస్తే చెయ్యెత్తండి, అరవండి.

ఇదివరకు ఈ సూదికి దద్దుర్లు వచ్చాయా, ఉబ్బసం, అదే దమ్ము, ఉందా, ఏ మందైనా పడదా, ముందే చెప్పండి. బీపీ గోలీల చీటీ వెంట తీసుకెళ్లండి. వాటిలో గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు అనే గోలీలు ఉంటే అడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా చెప్పాలి. చర్మం మీద చుక్క వేసి చూస్తే ఏమీ కాలేదు కదా అని ధీమా పడొద్దు, ఆ పరీక్షకు అంత నమ్మకం లేదు.

ఫొటోలు అయిపోగానే బస్సు కోసం పరుగెత్తకండి, కనీసం అరగంట అక్కడే కూర్చోండి. దారిలో ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

ఒకసారి తీవ్రంగా పడనివాళ్లకు దారి మూసుకుపోలేదు. సూది లేకుండానే కంటి నరాలు చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ ఇప్పుడు పెద్ద కంటి ఆస్పత్రుల్లో ఉంది. నరం కారుతుంటే ఆ కారడాన్ని అది ఫ్లోరిసిన్‌లా చూపలేదు గానీ, చాలామందికి చికిత్స నిర్ణయించడానికి సరిపోతుంది. డాక్టరును ఆ సంగతి అడగండి.