రుద్రమదేవి ఎలా చనిపోయింది? హిస్టరీ పాఠంలో కొంచెం సైకాలజీ

[తెర మీద: నల్లబోర్డు. సుద్దముక్కతో రాసిన ఒకే వాక్యం: "రుద్రమదేవి యుద్ధంలో వీరమరణం పొందింది."]

నమస్తే. వరంగల్, హనుమకొండ వైపు హైస్కూల్ పిల్లల్ని ఎవరిని అడిగినా ఈ వాక్యం టక్కున చెప్తారు. ఎవరితో యుద్ధం అంటే కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడితో అని కూడా చెప్తారు. ఇక మూడో ప్రశ్న అడగండి. ఈ సంగతి మనకెలా తెలుసు?

క్లాసులో ఒక్క చెయ్యి కూడా లేవదు. పాఠం అక్కడే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన స్టేట్ సిలబస్ హైస్కూల్లో సైకాలజీకి వేరే పీరియడ్ లేదు. సీబీఎస్ఈ వాళ్లకు 11, 12 తరగతుల్లో ఒక ఆప్షనల్‌గా ఉంది. టీచర్లు బీఈడీలో చదువుతారు, టెట్ కోసం ఇంకోసారి బట్టీ పడతారు, ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకం అటకెక్కుతుంది. నిజానికి సోషల్ టీచర్‌కు రోజూ పనికొచ్చే చదువు అది. చరిత్రకు ఆధారాలంటే చాలావరకు మనుషులు చెప్పినవి, రాసినవి, చెక్కించినవే కదా. మనిషికి ఏది ఎలా గుర్తుంటుందో, గుర్తున్నది ఎలా మారిపోతుందో తెలియకపోతే ఆ ఆధారాల్లో ఏది ఎంతవరకు నమ్మాలో పిల్లలకు ఎలా నేర్పుతాం?

[దృశ్యం: తెలంగాణ మ్యాప్. నకిరేకల్ దగ్గర చిన్న చుక్క.]

మొదటి రోజు పాఠం ఒక రాయి గురించి. నల్గొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ 1289 నాటి శాసనం దొరికింది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని దాని సారాంశం. ఈ శాసనం బయటపడక ముందు, ఆమె 1290ల మధ్య దాకా పాలించిందని పాత పుస్తకాలు రాశాయి. ఒక్క రాయితో ఆ లెక్క మారిపోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఈ శాసనంలో అంబదేవుడి పేరు లేదు. రాణి ఎలా చనిపోయిందో కూడా లేదు. మరి యుద్ధం ఎక్కడి నుంచి వచ్చింది? రాణి, సేనాని ఇద్దరి మరణం ఒకే శాసనంలో కలిపి చెప్పారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడి స్వతంత్రుడయ్యాడు. ఈ రెండూ కలిపి చూసి, ఆ పోరులోనే ఇద్దరూ పోయి ఉంటారని చరిత్రకారులు నిర్ధారణకు వచ్చారు. గట్టి నిర్ధారణే, నాకూ సబబుగానే తోస్తుంది. అయినా అది ఆలోచించి తేల్చిన మాట, రాతి మీద చెక్కిన మాట కాదు. ఈ తేడా పదమూడేళ్ల పిల్లకు బాగా అర్థమవుతుంది. మనం చెప్పమంతే.

క్లాసులో ఇలా చేయండి. శాసనం సారాంశం రెండుసార్లు నెమ్మదిగా చదివి వినిపించండి. కాసేపు వేరే పని చేయించండి, హాజరు తీసుకున్నా సరే. తర్వాత నోట్సు చూడకుండా, శాసనంలో ఏముందో రాయమనండి.

[తెర మీద: నోట్‌బుక్ పేజీ. మూడు గడులు: "రాతి మీద ఉన్నది", "చరిత్రకారులు తేల్చినది", "నేను కలిపినది".]

ఎవరో ఒకరు గుర్రాన్ని తెస్తారు. ఇంకొకరు కత్తి తెస్తారు. "యుద్ధభూమిలో నేలకొరిగింది" అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. తిట్టొద్దు, నవ్వొద్దు. వాళ్లు రాసిన ఒక్కో వాక్యాన్ని ఈ మూడు గడుల్లో ఎక్కడ పడుతుందో వాళ్లనే పెట్టమనండి. గుర్రం మూడో గడిలోకి వెళ్తుంది. ఆ మూడో గడి గురించి చెప్పేదే సైకాలజీ పాఠం.

కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే ప్రొఫెసర్ 1932లో అచ్చయిన తన పుస్తకంలో ఇదే చూపించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లిష్ వాళ్ల చేత చదివించి, కొన్నాళ్ల తేడాతో మళ్లీ మళ్లీ రాయించాడు. కథ పొట్టిదైపోయింది. అందులోని పొడవాటి చెక్కదోనె మామూలు పడవ అయింది. సీల్ జంతువుల వేటకు వెళ్లినవాళ్లు చేపలు పట్టడానికి వెళ్లినవాళ్లయ్యారు. వాళ్లెవరూ అబద్ధం రాయలేదు. తెలియనిదాన్ని తెలిసినదాని రూపంలోకి మార్చుకున్నారు. జ్ఞాపకమంటే ఉన్నది ఉన్నట్టు బయటికి తీయడం కాదని, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడమని బార్ట్‌లెట్ తేల్చాడు.

[దృశ్యం: సముద్ర తీరం మ్యాప్. మోటుపల్లి.]

రెండో రోజు మార్కో పోలో. 1290లలో దక్షిణాది తీరం మీదుగా ప్రయాణించిన వెనిస్ వ్యాపారి. కాకతీయుల రేవు మోటుపల్లి పేరుతోనే ఈ రాజ్యాన్ని చెప్తాడు, ఇక్కడి వజ్రాల్నీ సన్నటి బట్టల్నీ తెగ మెచ్చుకుంటాడు. రాజు పోయాక సుమారు నలభై ఏళ్లుగా అతని భార్య చక్కగా పాలిస్తోందని అంటాడు.

పిల్లల్ని ఆపి అడగండి. రుద్రమదేవి ఎవరి భార్యగా రాజ్యానికొచ్చింది? గణపతిదేవుడి కూతురు ఆమె! తండ్రి తర్వాత 1262లో పాలన చేపట్టింది. మార్కో పోలో లెక్క ప్రకారం ఆమె వితంతు రాణి.

ఎందుకిలా అయి ఉంటుంది? అతని పుస్తకం తయారైన తీరు చెప్పండి. ఊరికి చేరాక, 1298 ప్రాంతంలో, జెనోవా జైల్లో ఉండగా చెప్తుంటే రుస్టికెల్లో అనే తోటి ఖైదీ రాశాడు. అంటే దారిలో ఎవరి నోటో విన్న మాట, కొన్నేళ్ల తర్వాత గుర్తు చేసుకుని, ఇంకొకరి చేత రాయించినది. కూతురికి సింహాసనం ఇవ్వడం విననివాడి బుర్రలో, ఆడమనిషి ఏలుతోందంటే చనిపోయిన రాజు భార్యే అయి ఉంటుంది. ఇది నా ఊహ. క్లాసులో కూడా ఊహ అనే చెప్పండి, మూడో గడిలో రాయించండి. కానీ నిన్న గుర్రాన్ని కలిపిన పిల్లాడు ఈరోజు మార్కో పోలోను చూసి "సార్, ఈయన కూడా నాలాగే" అంటాడు. ఆ ఒక్క మాట కోసం పీరియడంతా ఖర్చుపెట్టినా తక్కువే.

వీలైతే వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లండి. అక్కడ రుద్రమదేవి కంటే ముందు ఏలిన కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 నాటి శాసనం ఉంది. రాజు గెలుపులన్నీ వరసగా చెప్తుంది. చెక్కించినవాళ్లు ఎవరు, దేనికోసం, ఏవి వదిలేసి ఉంటారు అన్న ప్రశ్నలు పిల్లలే లేపుతారు.

[తెర మీద: ఇంటి అరుగు. తాత, మనవరాలు, చేతిలో నోట్‌బుక్.]

ఇక ఇంటి పని. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బస్సులు, బడులు, సింగరేణి గనులు ఆగిపోయిన రోజులు. పిల్లలు అమ్మానాన్నల్ని అడిగి రాసుకురావచ్చు. 1969 ఉద్యమం గుర్తున్న తాతలుంటారు. పరకాల వైపు పిల్లలైతే, 1947 సెప్టెంబర్ 2న జెండా ఎగరేయబోయిన జనం మీద జరిగిన కాల్పుల గురించి ఇళ్లల్లో విన్న మాటలు తెస్తారు.

పంపే ముందు ఒక జాగ్రత్త నేర్పాలి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజిస్టులు కార్ల ప్రమాదం ఫిల్ములు చూపించి, కార్లు ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు. కొందరిని "తగిలినప్పుడు" అని, కొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగారు. చూసింది అవే ఫిల్ములు. రెండో రకంగా అడిగినవాళ్లు స్పీడు ఎక్కువ చెప్పారు. ఇంకో ప్రయోగంలో, వారం తర్వాత అడిగితే, "తగిలినప్పుడు" అని విన్నవాళ్లకంటే "నుజ్జయినప్పుడు" అని విన్నవాళ్లలోనే ఎక్కువమంది పగిలిన అద్దం కూడా చూశామన్నారు. ఫిల్ములో అద్దం పగల్లేదు.

అందుకే "తాతా, పోలీసులు మిమ్మల్ని బాగా కొట్టారట కదా?" అని అడగొద్దు. "తాతా, ఆ రోజు పొద్దున ఏం జరిగింది?" అని అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినాలి. "మీరు కళ్లారా చూశారా, ఎవరైనా చెప్పారా?" అన్నది ఆఖర్న, మర్యాదగా. ముసలివాళ్ల జ్ఞాపకాన్ని తక్కువ చేయడానికి కాదు ఇదంతా. ఊరి చరిత్రలో సగం వాళ్ల దగ్గరే ఉంది. మన ప్రశ్న దాన్ని చెడగొట్టకూడదు.

[తెర మీద: గడియారం. 45 నిమిషాల పీరియడ్. మొదటి 5 నిమిషాలకు రంగు.]

"సార్, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష టెన్షన్ పిల్లలకే కాదు, మనకూ ఉంది. దీనికి సమాధానం కూడా సైకాలజీలోనే ఉంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనే సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. కొందరు కాగితం మూసి, గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, వాళ్లకు 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకు 56 శాతం.

కాబట్టి ప్రతి పీరియడ్‌లో మొదటి 5 నిమిషాలు కొత్త పాఠం వద్దు. పుస్తకాలు మూసి, నిన్నటిది రెండు వాక్యాలు, పోయిన వారంది ఒక వాక్యం రాయించండి. మార్కులు వేయొద్దు. రాశాక పుస్తకం తెరిచి వాళ్లే దిద్దుకుంటారు. గైడ్లోని బిట్లు పదిసార్లు చదివించే సమయం ఇక్కడ మిగులుతుంది.

మూడు గడుల కాగితాలు మాత్రం పారేయకుండా దాచండి. ప్రాజెక్ట్ వర్క్ కింద అవే పెట్టుకోవచ్చు. 1323లో ఓరుగల్లు పతనం పాఠం వచ్చినప్పుడు, ప్రతాపరుద్రుడి చివరి రోజుల మీద అవే గడులు మళ్లీ గీయించండి. ఆయన్ని ఢిల్లీకి తీసుకెళ్తుండగా దారిలో చనిపోయాడని ఒక ఆధారం, తనంతట తానే ప్రాణం తీసుకున్నాడని ఇంకో ఆధారం చెప్తాయి. ఏది ఏ గడిలో పెట్టాలో ఈసారి మీరు చెప్పకండి, పిల్లల్నే వాదించుకోనివ్వండి.