తల అరిగిన స్క్రూ

శ్రోతలందరికీ నమస్కారం.

డిస్క్ బ్రేకు ఉన్న మోటార్ సైకిల్ మీ ఇంట్లో ఉంటే ఒకసారి దాని హ్యాండిల్ చూడండి. కుడిచేతి వైపు, బ్రేక్ లీవరు పక్కనే, బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా ఉంటుంది. చాలా బండ్లలో దాని మూతను రెండు చిన్న స్టార్ స్క్రూలు పట్టి ఉంచుతాయి. బండి కాస్త పాతదైతే, ఆ రెండింటిలో ఒకదాని గాడి గుండ్రంగా అరిగిపోయి కనిపించినా ఆశ్చర్యం లేదు. అలా తల అరిగిన స్క్రూని, చుట్టుపక్కల ఏదీ పాడవకుండా, చేతి పనిముట్లతో ఎలా బయటికి తీయాలో ఈ రోజు మాట్లాడుకుందాం. తలుపు బందులు, మిక్సీ అడుగు, పంపు మోటారు మూత, వీటన్నిటికీ ఇవే పద్ధతులు పనికొస్తాయి. అయినా నేను ఈ బ్రేక్ డబ్బా గురించే ఎక్కువ చెబుతాను. స్క్రూ మొండికేయడానికి ఉండే కారణాలన్నీ ఆ చిన్న మూత దగ్గరే కనిపిస్తాయి.

స్క్రూ ఉక్కుది, డబ్బా చాలావరకు అల్యూమినియంది. ఈ రెండు లోహాల మధ్యకు వాన నీరో, బండి కడిగిన నీరో చేరిందంటే అల్యూమినియం మెల్లగా తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి స్క్రూ ఒంటి చుట్టూ ఉండే మరల మధ్య ఇరుక్కుని దాన్ని బిగపట్టేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పైగా ఆ స్క్రూ తల మూతలోకి దిగిపోయి ఉంటుంది. ప్లయర్‌తో పట్టుకుందామంటే అంచు దొరకదు. సన్నటి స్క్రూ కాబట్టి గాడి కూడా చిన్నదే. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ విప్పరు. విప్పాల్సిన రోజు వచ్చినప్పుడు చేతికందిన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతారు. కరక్కున జారుతుంది.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకునే మాట ఉంది. మొదటిసారి జారగానే చెయ్యి ఆపేయండి. ఆ ఒక్కసారికి గాడి అంచులు కొద్దిగానే చెదురుతాయి. పట్టు దొరకడానికి కావలసినంత లోహం ఇంకా మిగిలే ఉంటుంది. అదే స్క్రూడ్రైవర్‌ని పంతం పట్టి మళ్లీ మళ్లీ తిప్పితే అది కూడా రాలిపోతుంది. సులువుగా వచ్చేయాల్సిన స్క్రూలు డ్రిల్లు పెట్టేదాకా వెళ్లేది చాలావరకు ఈ తొందర వల్లే.

అసలు ఈ స్టార్ గాడి ఎందుకు జారుతుందో తెలిస్తే మిగతా పని తేలికవుతుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కి చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930లలో ఈ గాడిని ఫ్యాక్టరీలకు పనికొచ్చే రూపానికి తెచ్చి పేటెంట్లు తీసుకున్నాడు. జనరల్ మోటార్స్ వాళ్లు 1936లో కాడిలాక్ కార్ల తయారీలో దీన్ని వాడారు. దీని గోడలు నిలువుగా ఉండవు, లోపలికి ఏటవాలుగా దిగుతాయి. మెషిన్‌తో వరసగా స్క్రూలు బిగించేటప్పుడు బిట్టు, అంటే గాడిలో కూర్చునే స్క్రూడ్రైవర్ కొస, తనంతట తానే మధ్యలోకి సర్దుకోవడానికి ఆ వాలు బాగా పనికొచ్చింది. మనం విప్పేటప్పుడు మాత్రం ఆ వాలే అడ్డం వస్తుంది. ఎంత బలంగా తిప్పితే బిట్టు అంతగా పైకి ఎక్కివస్తుంది. అందుకే స్టార్ స్క్రూ విప్పేటప్పుడు మన బలంలో ఎక్కువ భాగం కిందికి నొక్కడానికే పోవాలి. తిప్పడానికి మిగిలింది చాలు.

ఇక సైజు. స్టార్ బిట్ల మీద పీహెచ్ 1, పీహెచ్ 2, పీహెచ్ 3 అని ముద్ర ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 2వ నంబరు. చిన్న బిట్టుని పెద్ద గాడిలో పెడితే అది కొసలతో మాత్రమే పట్టుకుంటుంది. పెద్ద బిట్టుని చిన్న గాడిలో పెడితే అడుగుదాకా దిగదు. సరైన బిట్టు గాడిలో కూర్చున్నాక అటూ ఇటూ ఆడదు. కొనలు అరిగి గుండ్రబడిన స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉంటే దయచేసి పక్కన పడేయండి. అది వందల స్క్రూలను పాడుచేస్తుంది.

జపాన్ డిజైన్ బండ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన స్టార్ గాడి చూడటానికి ఫిలిప్స్ గాడిలాగే ఉంటుంది కానీ లోపలి కొలతలు కాస్త వేరు. ఫిలిప్స్ బిట్టు అందులో పూర్తిగా కూర్చోదు. ఆ స్క్రూ తల మీద చాలాసార్లు ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. పాత మోటార్ సైకిళ్లను, కెమెరాలను ఇష్టంగా బాగుచేసుకునేవాళ్లు ఒక జేఐఎస్ స్క్రూడ్రైవర్ కొనిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఒసాకాలోని వెసెల్ లాంటి జపాన్ కంపెనీలవి మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

సరైన బిట్టు చేతికొచ్చాక కూడా వెంటనే తిప్పకండి. ముందు గాడిలోని మట్టినీ, పెయింటునీ గుండుసూదితో గీకి తీయండి. తలుపు బందుల స్క్రూలు జారడానికి చాలాసార్లు గాడిలో నిండిపోయిన పెయింటే కారణం. తర్వాత బిట్టుని గాడిలో నిలబెట్టి, పిడి మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. దీనికి పిడి చివరిదాకా ఉక్కు కడ్డీ ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి, మామూలు ప్లాస్టిక్ పిడి పగిలిపోతుంది. ఆ దెబ్బలకు బిట్టు అడుగుదాకా దిగుతుంది, మరల మధ్య పట్టిన తుప్పు చిట్లుతుంది. ఆ తర్వాత కూడా ముందు రవ్వంత బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పండి. కదలని స్క్రూ ఎటు వైపైనా ఒకసారి కదిలిందంటే సగం పని అయిపోయినట్టే.

విప్పే వైపు అంటే ఎడమకే. కానీ టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందుండే బిళ్ల లాంటివి కొన్ని కుడివైపు తిప్పితే వదులవుతాయి. మిక్సీ కప్లర్లు కూడా చాలావరకు అలాంటివే. తిరిగే భాగాన్ని విప్పేటప్పుడు ముందు ఇది చూసుకోండి. కరెంటు వస్తువైతే ప్లగ్ తీసేయండి.

తుప్పు పట్టిన చోట డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టడమో, కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా నాననివ్వడమో మన వాళ్లందరికీ అలవాటే. మంచి అలవాటే. కానీ బ్రేక్ ఆయిల్ డబ్బా దగ్గర మాత్రం ఆ పని అస్సలు చేయకండి. పెట్రోలియం నూనె బ్రేక్ ఆయిల్‌లో కలిస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. అలా ఉబ్బిన సీళ్లతో బ్రేకు ఇరుక్కుపోవచ్చు, పట్టకపోవచ్చు. ఒక స్క్రూ కోసం అంత ప్రమాదం తెచ్చుకోకూడదు.

గాడి కొద్దిగానే అరిగితే బిట్టుకీ గాడికీ మధ్య వెడల్పాటి రబ్బరు బ్యాండు పెట్టి తిప్పమంటారు. అది ఎప్పుడో ఒకసారి పనిచేస్తుంది, గట్టిగా పట్టేసిన స్క్రూ దగ్గర చినిగిపోతుంది. దానికన్నా ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు నయం. అందులో గరుకు పొడి ఉంటుంది. బిట్టు కొసకు కొంచెం రాస్తే పట్టు పెరుగుతుంది. రాసే ముందు తల మీద నూనె లేకుండా తుడవాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పనిముట్టు గురించి చెబుతాను. ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటుతో తిరిగేది కాదు, సుత్తితో కొట్టేది. బరువైన ఉక్కు గొట్టంలా అరచేతిలో ఇమిడిపోతుంది. దాని లోపల ఏటవాలుగా కోసిన గాడులుంటాయి. వెనక సుత్తితో కొడితే ఆ దెబ్బ కొంత కిందికి నొక్కుతుంది, కొంత ఆ వాలు వెంట జారి మెలితిప్పే బలంగా మారుతుంది. బిట్టు పైకి లేవబోయే క్షణంలోనే దాన్ని గాడిలోకి అణిచిపెట్టి తిప్పుతుందన్నమాట. ఫిలిప్స్ గాడిలో ఉన్న బలహీనతకు ఇది సూటిగా జవాబు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత బండ్ల ఇంజిన్ పక్క మూతలకు స్టార్ స్క్రూలే ఉండేవి. వాటి మీద పనిచేసిన మెకానిక్ షెడ్లలో ఇది తప్పకుండా ఉండేది. ఇవాళ్టికీ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

దీన్ని వాడటంలో చాలామంది ఒక మెట్టు వదిలేస్తారు. దిక్కు మార్చుకుని, బిట్టుని గాడిలో పెట్టాక, గొట్టాన్ని చేత్తో గట్టిగా కిందికి నొక్కి, విప్పే వైపుకి ఆగేదాకా తిప్పి పట్టుకోవాలి. లోపలి సందు అప్పుడు పోతుంది. ఆ తర్వాతే కొట్టాలి. కొట్టేది బరువైన సుత్తితో, ఒక్క గట్టి దెబ్బ. చిన్న సుత్తితో టకటకా కొడితే గాడి చెదరడమే తప్ప స్క్రూ కదలదు. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

అయితే హ్యాండిల్ మీద వేలాడే బ్రేక్ డబ్బాకు అంత దెబ్బ తగదు. కింద ఆధారం ఉండదు, డబ్బా పగలొచ్చు. అక్కడ నేను చెప్పేది సన్నటి సెంటర్ పంచ్, అంటే మొన ఉన్న ఉక్కు కడ్డీ. స్క్రూ తల అంచు దగ్గర పంచ్ మొన పెట్టి ఒక చిన్న గుంట చేయండి. తర్వాత దెబ్బకు స్క్రూ విప్పే వైపు తిరిగేలా పంచ్‌ని వాల్చి, ఆ గుంటలోనే చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. అంచు దగ్గర తట్టే దెబ్బకు మెలితిప్పే బలం ఎక్కువ. కొంచెం కదిలాక మిగతాది స్క్రూడ్రైవర్‌తో వచ్చేస్తుంది. ఓపికగా చేస్తే చాలా స్క్రూలు ఇక్కడే లొంగుతాయి.

తల మూతలోకి దిగకుండా పైకి గుండ్రంగా ఉన్న స్క్రూ అయితే మీ అదృష్టం బాగున్నట్టే. గ్రిప్ ప్లయర్‌తో తలను బిగించి తిప్పొచ్చు. మామూలు ప్లయర్ దవడల్లో పళ్లు అడ్డంగా ఉంటాయి కాబట్టి గుండ్రటి తల మీద జారుతుంది. ఒసాకాకే చెందిన ఇంజినీర్ అనే కంపెనీ దీని కోసమే నెజీ సారస్ అని ఒక ప్లయర్ చేసింది. దాని మూతి కొసలో పళ్లు నిలువుగా ఉంటాయి. స్క్రూ మీద నిటారుగా పెట్టి నొక్కితే ఆ నిలువు పళ్లు తల అంచులోకి దిగుతాయి, ఇక జారడానికి దారుండదు. అంత చిన్న మార్పుకి అంత ఫలితం రావడం చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ప్లయర్‌కి చోటు లేకపోతే యాక్సా బ్లేడుతో తల మీద అడ్డంగా కొత్త గాడి కోసి, మైనస్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పండి. రెండు బ్లేడ్లు కలిపి పట్టుకుంటే గాడి వెడల్పుగా వస్తుంది.

ఏదీ పనిచేయకపోతే డ్రిల్లు. ఇక్కడ చాలామంది వెంటనే స్క్రూ లోపలికి రంధ్రం చేసి ఎక్స్‌ట్రాక్టర్ దించుతారు. మెకానిక్‌లు ఈజీ అవుట్ అనే, ఎడమకు తిప్పేకొద్దీ స్క్రూ లోపల బిగుసుకునే ఎడమ మరల పుల్ల అది. నేనైతే ముందు తలను మాత్రమే తీసేయమంటాను. స్క్రూ కాడ లావుకి సరిపోయే డ్రిల్లు బిట్టుతో, బ్రేక్ డబ్బాకైతే సాధారణంగా 4 మిల్లీమీటర్లది, సరిగ్గా మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి మెల్లగా డ్రిల్లు చేయండి. కాసేపటికి తల ఊడి బిట్టుకి చుట్టుకుంటుంది. మూత పైకి వచ్చేస్తుంది. స్క్రూని లాగిపట్టి ఉంచిన బిగువంతా తలతోనే పోతుంది కాబట్టి మిగిలిన కాడను చాలాసార్లు ప్లయర్‌తో పట్టుకుని తేలిగ్గా తిప్పేయొచ్చు.

మూత తీసే ముందు ఇనుప రజను మొత్తం తుడిచేయండి. ఒక్క తునక ఆయిల్‌లో పడిందని అనుమానం వచ్చినా ఆ ఆయిల్ మార్పించాల్సిందే. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోసి కడగండి.

కాడ రంధ్రం లోపలే విరిగిపోతే అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ తప్పదు. కానీ దాని ఉక్కు చాలా గట్టిది, పెళుసుది కూడా. అతిగా మెలిపెడితే లోపలే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్కలోకి మామూలు డ్రిల్లు బిట్టు దిగదు. సన్నటి స్క్రూల దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు అంతటితో ఆపి లేత్ షాపుకి తీసుకెళ్లడమే మేలు.

స్క్రూ బయటికి వచ్చాక మళ్లీ పాతదే బిగించకండి. హైదరాబాద్‌లో రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో నట్లు బోల్టులు అమ్మే షాపుకి పాత స్క్రూని తీసుకెళ్తే అదే మర, అదే పొడవు, తల అదే వాలు ఉన్నది, ఆరు పలకల అలెన్ కీ పట్టే గాడితో ఇస్తారు. ఆ గాడికి గోడలు నిలువుగా ఉంటాయి, కీ పైకి ఎక్కదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకున్నా అల్యూమినియంతో పేచీ ఉండనే ఉంటుంది కాబట్టి మర మీద, అది పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయండి. ఆ పేస్టు ఆయిల్‌లోకి దిగకుండా చూసుకోండి. ఆ మూత కింద ఉండేది రబ్బరు పొర, దాన్ని పట్టి ఉంచడానికి రెండు వేళ్లతో పట్టుకుని తిప్పేంత బిగువు చాలు.

నమస్కారం.